కలివికోడి గోదావరి చిరునామా

కలివికోడి పేరెత్తితే అందరూ కడప వైపు వేలు చూపిస్తారు. అందులో తప్పేం లేదు. 1900 తర్వాత జాడ తెలియకుండా పోయి, ఇక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో మళ్లీ దొరికింది కడప జిల్లా రెడ్డిపల్లె పొదల్లోనే. దాని పేరు చెప్పుకుని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసిందీ, దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మళ్లిందీ అక్కడే. అయినా ఈ కథనం కడప గురించి కాదు, చర్ల గురించి.

పాత రికార్డుల్లో కలివికోడికి రెండు నదుల చిరునామాలున్నాయి. ఒకటి పెన్న, రెండోది గోదావరి. గోదావరి లోయలో అది దొరికిన చోట్లు చెప్పేటప్పుడు పక్షిశాస్త్ర గ్రంథాలన్నీ రెండే ఊళ్ల పేర్లు రాస్తాయి: భద్రాచలం, సిరొంచ. ఒకటి ఈ కొస, ఇంకోటి ఆ కొస. నడుమ గోదావరి ఎడమ గట్టు వెంబడి దుమ్ముగూడెం, పర్ణశాల, చర్ల, వెంకటాపురం, వాజేడు. కొసలు గుర్తుండి నడుమ మరుపునపడింది. ఆ నడుమ తరఫున వకాల్తా పుచ్చుకుని రాస్తున్నదిది.

ఇల్లు కదలకుండా జిల్లాలు తిరిగిన ఊరు

భద్రాచలంలో చర్ల బస్సెక్కితే కాసేపటికే ఆంధ్రప్రదేశ్ నేల మీదికి వెళ్తాం. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల ఊళ్లు అటు వెళ్లిపోయాయి, భద్రాచలం పట్నం ఇటు మిగిలింది. అందుకని తెలంగాణలో బస్సెక్కి, ఆంధ్రా మీదుగా కొన్ని ఊళ్లు దాటి, మళ్లీ తెలంగాణలోకి వస్తాం. ఆ దాటే ఊళ్లలో ఏటపాక ఒకటి. సీతమ్మను ఎత్తుకుపోతున్న రావణుడికి అడ్డుపడి రెక్కలు తెగిన జటాయువు పడిపోయింది ఇక్కడేనని స్థలపురాణం. పర్ణశాలకు బంగారు లేడి, ఏటపాకకు జటాయువు. ఈ దారిలో పశుపక్ష్యాదులకు పురాణంలో లోటేమీ లేదు.

దాదాపు అరవై కిలోమీటర్లు వెళ్లాక చర్ల. పడమర గోదావరి, తూర్పున ఛత్తీస్‌గఢ్ కొండలు. అవతలి ఒడ్డున మణుగూరు బొగ్గు గనులు, అశ్వాపురం భారజల కర్మాగారం, భద్రాద్రి థర్మల్ కేంద్రం. ఇవతలి ఒడ్డున మిరప చేలు. చలికాలం చివరి నుంచి ఎండలు ముదిరేదాకా చర్ల, వెంకటాపురం కల్లాలు ఎర్రగా పరుచుకుంటాయి. కోతలకు ఛత్తీస్‌గఢ్ ఊళ్ల నుంచి కూలీలు పిల్లాపాపలతో దిగుతారు. కోత అయ్యాక ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు. కోయ గూడేల్లో ఏడాది లెక్క ఇలాగే నడుస్తుంది. కొండల లోపల, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వలస వచ్చిన గుత్తికోయల గూడేలున్నాయి.

వానాకాలంలో చర్ల పేరు పేపర్లో కనబడేది తాలిపేరు వల్ల. ఆ వాగు ఛత్తీస్‌గఢ్ కొండల్లో పుట్టి చర్ల మండలంలోనే గోదావరిలో కలుస్తుంది. పెద్దమిడిసిలేరు దగ్గర దాని మీద ప్రాజెక్టు కట్టారు. చర్లలో చినుకు పడకపోయినా ఎగువన కుండపోత పడిందంటే గేట్లు ఎత్తాల్సిందే. ఇక గోదావరి సంగతి చెప్పనక్కర్లేదు. భద్రాచలం దగ్గర 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. 2022 జులైలో 71.3 అడుగులొచ్చింది. అంతకు మించిన వరద 1986 ఆగస్టుది, 75.6 అడుగులు. ఈ ప్రాంతంలో పెద్దవాళ్లు వయసు చెప్పుకునేటప్పుడు ఆ వరదకు ముందా వెనకా అని లెక్కేస్తారు. అదే ఏడాది జనవరిలో పెన్న ఒడ్డున కలివికోడి దొరికింది. అప్పుడు ఆ వార్త గోదావరి ఒడ్డున ఎవరికి పట్టి ఉంటుంది?

చర్లకు సిరొంచతో ఉన్న చుట్టరికం ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది. సిరొంచ నేడు మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లాలో, కాళేశ్వరానికి ఎదురుగా ప్రాణహిత ఒడ్డున ఉంది. 1860లో ఇంగ్లీషువాళ్లు అప్పర్ గోదావరి అని ఒక జిల్లా ఏర్పాటుచేసి సిరొంచను దానికి కేంద్రం చేశారు. భద్రాచలం కూడా ఆ జిల్లాలోదే. 1874లో భద్రాచలాన్ని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు ఇచ్చేశారు. చర్ల, ఆల్బాక, నూగూరు మాత్రం సిరొంచ తహసీలులోనే మిగిలి, 20వ శతాబ్దం తొలి దశకంలో గానీ మద్రాసు వైపు రాలేదు. తర్వాత తూర్పుగోదావరి జిల్లా. 1959లో ఖమ్మం. 2016లో భద్రాద్రి కొత్తగూడెం. ఊరు ఎక్కడిదక్కడే ఉంది, పైన ఏలే కచేరీలే మారుతూ వచ్చాయి.

ఈ చరిత్రంతా ఎందుకంటారా? గోదావరి మీద కలివికోడి రికార్డు నమోదైన రోజుల్లో భద్రాచలం, చర్ల, సిరొంచ అన్నీ ఒకే జిల్లా. పక్షిని చూసినవాడికి అదంతా ఒకే అడవి. ఇప్పుడదే అడవి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర అని నాలుగు రాష్ట్రాల పాలైంది. నాలుగు అటవీశాఖలు, నాలుగు ఫైళ్లు. ఒక పక్షి ఫైళ్ల మధ్య సందులో పడి మాయం కావడానికి ఇంతకంటే వీలైన చోటు ఉండదు.

రాళ్లు చూడ్డానికి వచ్చినవాడు

గోదావరి మీద కలివికోడిని చూసినవాడు పక్షుల కోసం రాలేదు. విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్ భారత భూగర్భ సర్వేలో ఉద్యోగి. గోదావరిలో నాగపూర్ దిక్కు నుంచి సముద్రం దాకా పత్తి పడవలు నడపాలని ఆర్థర్ కాటన్ పట్టుబట్టిన కాలమది. నదిలో బండలు అడ్డొచ్చే చోట్లను ‘బారియర్లు’ అనేవారు. మొదటి బారియర్ దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఇంజినీరు హేగ్ ఆధ్వర్యంలో ఆనకట్ట, లాకులు, కాలువ కట్టారు. రైళ్లొచ్చాక పడవలకు విలువ పోయి, 1871లో ఆ పథకాన్ని అటకెక్కించారు. ఆ ఏడాదే బ్లాన్‌ఫర్డ్ దుమ్ముగూడెం బారియర్ చుట్టుపక్కల ఇసుకరాళ్ల మీద సర్వే పత్రికలో వివరణ అచ్చువేశాడు. ఇవతలి ఒడ్డు కలివికోడి రికార్డు, అవతలి ఒడ్డు బొగ్గు గనులు మొదలైంది ఒకే రకం మనుషులతో. సంచిలో సుత్తి, భుజాన తుపాకీ వేసుకుని తిరిగిన భూగర్భ శాస్త్రవేత్తలు వాళ్లు.

1867, 1871 మధ్య బ్లాన్‌ఫర్డ్ భద్రాచలం, సిరొంచ ప్రాంతాల్లో ఈ పక్షిని చూశాడు, కాల్చి నమూనాలు సేకరించాడు. ఆ రోజుల్లో పక్షిని గుర్తించడమంటే కాల్చడమే. దీన్ని మొదట లోకానికి చూపించినవాడు మద్రాసు సైన్యంలో వైద్యుడు థామస్ జెర్డాన్. నెల్లూరు, కడప కొండల దగ్గర దొరికిన పక్షికి 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయ నామం పెట్టాడు. ఇంగ్లీషులో ఇప్పటికీ అది జెర్డాన్ పేరుతోనే చలామణి అవుతోంది. బ్లాన్‌ఫర్డ్ తర్వాత 1898లో ‘ఫౌనా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ పక్షుల సంపుటంలో ఈ పక్షి గురించి స్వానుభవంతో రాశాడు. పలచటి అడవిలో, ఎత్తయిన పొదల మధ్య ఉంటుందని, బయలు మైదానంలో కనబడదని అతని పరిశీలన. వంద సంవత్సరాల తర్వాత ఆధునిక పరికరాలతో పరిశోధకులు తేల్చిందీ ఇంచుమించు అదే.

1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంబెల్ చూసిందే చివరి రికార్డుగా నిలిచిపోయింది. ఆ తర్వాత ఎనభై ఆరేళ్ల నిశ్శబ్దం. నడుమ ఒక్క గుడ్డు మాత్రం దొంగచాటుగా బతికింది. కోలారు గనుల్లో పశువైద్యుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ సేకరణలో ఉన్న ఆ గుడ్డు 1917లో కోలారు దగ్గర దొరికింది. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక సొరుగులో పడి ఉంటే 2013లో డీఎన్ఏ పరీక్ష చేసి కలివికోడిదేనని తేల్చారు. లోకంలో ఈ పక్షిదని తెలిసిన గుడ్డు అదొక్కటే. అంటే అనుకున్న హద్దుకు బయట, అనుకున్న ఏడాది తర్వాత కూడా ఈ పక్షి ఉంది. గోదావరి విషయంలో ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

చీకటి పడ్డాకే బయటికి

కలివికోడి పేరులో కోడి ఉంది గానీ అది కోడి జాతి కాదు. మనందరికీ తెలిసిన తీతువు పిట్టకు దూరపు చుట్టం. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. కాళ్లు పొడుగు, కళ్లు పెద్దవి. గొంతు దగ్గర నారింజ రంగు మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, కంటి మీదుగా వెడల్పాటి తెల్లగీత. పసుపు ముక్కుకు నల్లటి కొస. ఎగరగలదు గానీ పరుగే దానికి ఇష్టం. పగలంతా పొద నీడలో అలికిడి లేకుండా ఉండి, రాత్రి బయటికొచ్చి చెదపురుగులు, చిన్న కీటకాలు ఏరుకు తింటుంది. పొద్దుగూకిన ముప్పావు గంటకు కూత మొదలెడుతుంది. అది కూడా కొద్ది నిమిషాలే. ఆ కాసేపు వినకపోతే ఆ రాత్రికి అంతే.

అందువల్లే పగటిపూట దుర్భిణులు పట్టుకుని తిరిగే పక్షి పరిశీలకులకు దశాబ్దాల పాటు అది చిక్కలేదు. 1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, అంటే బీఎన్‌హెచ్‌ఎస్, తరఫున భరత్ భూషణ్ వచ్చి ఊరూరా బొమ్మ చూపిస్తూ అడిగారు. చివరికి దాన్ని తెచ్చిచ్చింది శాస్త్రవేత్త కాదు, రెడ్డిపల్లె ప్రాంతంలో పిట్టలు పట్టే మనిషి. రాత్రి టార్చిలైటు వెలుగులో పట్టాడు. ఆ పక్షి కొన్నాళ్లే బతికింది. ఇప్పుడు బీఎన్‌హెచ్‌ఎస్ సేకరణలో నమూనాగా ఉంది. సలీం అలీ బతికుండగానే ఆయన సంస్థకు ఆ గౌరవం దక్కింది. 1988లో తపాలా శాఖ దీని బొమ్మతో రూపాయి స్టాంపు వేసింది. అదే ఏడాది లంకమల్ల అభయారణ్యం ప్రకటించారు.

తర్వాత వచ్చిన పరిశోధకుడు పి. జగన్నాథన్ చేసిన పని ఈ పక్షి చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం. కనబడని పక్షిని లెక్కపెట్టడం ఎలా? పొదల మధ్య జల్లించిన మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచారు. రాత్రి ఏది నడిచినా పొద్దున్నే కాలిముద్ర ఉంటుంది. మూడు వేళ్ల పక్షులు బోలెడుంటాయి కాబట్టి ముద్రల కొలతలు తీసి వేరుచేశారు. ఎదుట ఏదైనా కదిలితే వాటంతటవే ఫొటో తీసుకునే కెమెరాలు పెట్టారు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో కూతను రికార్డు చేయగలిగాక పని మలుపు తిరిగింది. రికార్డు వినిపిస్తే, దగ్గర్లో ఉంటే బదులిస్తుంది. ఎలాంటి పొదలంటే దానికి ఇష్టమో లెక్క కూడా తేలింది. హెక్టారుకు రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా ఉన్న చోట ఎక్కువగా తిరుగుతుంది. చిన్న పొదలు మరీ దట్టంగా అల్లుకుంటే రాదు. పొదలన్నీ నరికేసి బోడి చేస్తే అసలే రాదు. పరుగెత్తడానికి నేల కావాలి, దాక్కోవడానికి పొద కావాలి.

దీన్ని కొంచెం నిదానంగా ఆలోచించండి. మన అధికార భాషలో అటువంటి నేలకు ‘బంజరు’ అని పేరు. దట్టమైన అడవి కాదు కనుక అటవీశాఖకు చిన్నచూపు. సాగు నేల కాదు కనుక వ్యవసాయశాఖకు పనికిరాదు. మొక్కలు నాటే కార్యక్రమం వస్తే మొదట గుంతలు తవ్వేది అక్కడే. కాలువ, క్వారీ, సబ్‌స్టేషన్, లే అవుట్ వస్తే ముందు చూసేదీ దాన్నే. 2005లో తెలుగుగంగ కాలువ పనుల కోసం యంత్రాలు కలివికోడి పొదల్లోకే వచ్చాయి. గొడవ జరిగి, కోర్టుల దాకా వెళ్లి, కాలువ దారి మారింది. అంత జరిగినా పక్షి తేరుకున్నట్టు కనబడలేదు. 2009 తర్వాత ఏళ్ల తరబడి ఎవరికీ నిర్ధారణగా దొరకలేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో ఒక రాత్రి దాని కూత విని రికార్డు చేసేసరికి దేశదేశాల పక్షి ప్రేమికులు పండగ చేసుకున్నారు. అంతర్జాతీయ ఎర్రజాబితాలో ఇది అంతరించే ప్రమాదపు చివరి మెట్టు మీద ఉంది. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. బతికున్నవి యాభైకి తగ్గవనీ, రెండువందల యాభైకి మించవనీ అంచనా.

బ్రెజిల్‌లో ఇలాగే

ఈ కథకు ఒక జోడీ బ్రెజిల్‌లో ఉంది. దక్షిణ అమెరికా అడవుల్లో చీమల పక్షులని ఒక పెద్ద కుటుంబం. అవి తినేది చీమల్ని కాదు. దండుచీమలు బారులు తీరి కదిలినప్పుడు భయపడి బయటికి దూకే పురుగుల్ని ఆ కుటుంబంలో కొన్ని పక్షులు పట్టుకు తింటాయి. వాటిలో నల్లతల, ఎర్రవీపు ఉన్న చిన్న పిట్ట ఒకటి 1852లో లోకానికి తెలిసింది. 19వ శతాబ్దపు నమూనాలు కొన్ని మ్యూజియాల్లో మిగిలాయి, పక్షి మాత్రం వందేళ్లకు పైగా కనబడలేదు. నమూనాల చీటీల మీద రాసిన చోటు నోవా ఫ్రీబుర్గో. అది కొండ ఊరు కాబట్టి వెతికినవాళ్లంతా కొండ అడవుల వైపే చూశారు. 1987లో, మన కలివికోడి దొరికిన మరుసటి ఏడాది, అది దొరికింది సముద్రపు ఒడ్డున ఆంగ్రా దోస్ రెయిస్ ఊరి దగ్గర, పల్లపు పొదల్లో, పెరిగి చిక్కబడిన పాత తోటల అంచుల్లో. పెద్ద చెట్ల అడవి కాదు, ఎవరూ ఖాతరు చేయని పొదలు. ఇప్పటికీ అది ప్రమాదపు జాబితాలోనే ఉంది, అది బతికే తీరం పొడవునా ఇళ్లూ రిసార్టులూ లేస్తున్నాయి.

చీటీ మీద ఊరి పేరు తప్పయితే పక్షి మరుగున పడుతుందని బ్రెజిల్ కథ చెబుతోంది. మన దగ్గర చీటీ సరిగ్గానే ఉంది. అయినా చదవడం మానేశాం.

రాత్రి నడవని అడవి

చర్ల చుట్టూ ఉన్నదంతా పెద్ద అడవేనని బయటివాళ్ల ఊహ. కొండల మీద టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు నిజమే. కానీ కొండకూ చేనుకూ మధ్య, వాగు గట్ల వెంబడి, కొట్టి వదిలేసిన పోడు చెలకల్లో పరికి, రేగు, తంగేడు, మోదుగ గుబుర్లుగా లేచిన నేల ఒకటి ఉంటుంది. బ్లాన్‌ఫర్డ్ రాసిన పలచటి అడవి, ఎత్తు పొదలు అంటే ఇలాంటివే. అది ఎవరి లెక్కలోనూ లేని నేల, కనుక త్వరగా తరిగిపోతున్నదీ అదే. మిరపకు ధర పలికిన ఏడాది చేను అంచు పొదల్లోకి జరుగుతుంది. సారపాక కాగితం మిల్లుకు కర్ర గిరాకీ ఉన్నంతకాలం జామాయిల్, సుబాబుల్ తోటలు పెరుగుతూనే ఉంటాయి. జామాయిల్ తోట దూరానికి పచ్చగా కనబడుతుంది. దాని కింద పొద ఉండదు, పొద నీడన బతికే జీవమూ ఉండదు. గోదావరి మీద దుమ్ముగూడెం దగ్గర సీతమ్మ సాగర్ బ్యారేజీ కూడా తలపెట్టారు. నీళ్లు వద్దని రైతుకు చెప్పే హక్కు నాకు లేదు. గట్టు వెంబడి నేల మీద ఏమేం బతుకుతున్నాయో ముందు రాసుకోవాలని అడిగే హక్కు మాత్రం ఉంది.

పోడు గురించి ఒక మాట. కలివికోడి పేరు చెప్పి గిరిజనుల్ని అడవిలోంచి వెళ్లగొట్టాలని ఎవరైనా అంటే అది పక్షికీ మంచిది కాదు. కడపలో ఈ పక్షి బతికిన పొదలు మనుషులు లేని చోట లేవు. పశువులు తిరిగే చోట, వంటచెరకు ఏరే చోట, ఊళ్లకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. మేత, నరుకుడు మితిమీరితే పొద చస్తుంది. రెండూ పూర్తిగా ఆపి కంచె వేస్తే పొద చిక్కబడి పక్షికి పరుగు పెట్టే చోటుండదు. అంటే దానికి కావలసింది మనుషులు పోవడం కాదు, హద్దు దాటకపోవడం. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినా తెలంగాణలో పోడు పట్టాల పంపిణీ పెద్దఎత్తున జరిగింది 2023 జూన్‌లో. పట్టా చేతికొచ్చినవాడికి నేల మీద శ్రద్ధ పుడుతుంది. ఆ శ్రద్ధతో మాట్లాడితే చేను అంచున కొన్ని పొదలు మిగులుతాయి. లాఠీతో మాట్లాడితే మిగలవు.

ఇక అసలు చిక్కు రాత్రి. కలివికోడిని వెతకాలంటే చీకటి పడ్డాక పొదల్లోకి వెళ్లాలి. చర్ల సరిహద్దు అడవి దశాబ్దాలుగా మావోయిస్టుల రాకపోకలకూ పోలీసుల కూంబింగ్‌కూ నడుమ నలిగింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో వెంకటాపురం వైపున్న కర్రెగుట్టల మీద మూడు వారాల పాటు సాగిన భద్రతా దళాల గాలింపు దేశమంతా చూసింది. మందుపాతర ఎక్కడుందో తెలియని నేల మీద టార్చిలైటు పట్టుకుని పక్షి కోసం తిరగమని ఎవరికి చెబుతాం? పగలు చెట్ల గణన చేసే సిబ్బందికే గుండెధైర్యం కావాల్సిన చోటిది. గోదావరి అవతలి ఒడ్డున కిన్నెరసాని, ఏటూరునాగారం అభయారణ్యాలున్నాయి. ఇవతలి ఒడ్డున చర్ల అడవికి ఆ బోర్డు కూడా లేదు. నిన్నటిదాకా ఈ కారణం ఒప్పుకోవాల్సిందే. ఇప్పుడు పరిస్థితి మారుతోందని ప్రభుత్వమే చెబుతోంది కనుక ఇకమీదట అది సాకు అవుతుంది.

మనిషి రాత్రంతా అక్కడ ఉండనక్కర్లేదు కూడా. సాయంత్రం చెట్టుకు కట్టి వచ్చేస్తే పొద్దున దాకా వింటూ రికార్డు చేసుకునే చిన్న పెట్టెలు వచ్చాయి. వాటి కార్డులోని గంటలకొద్దీ శబ్దంలో ఒక కూతను వెతికిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రాములూ వచ్చాయి. కలివికోడి కూత నమూనా మన దగ్గరుంది. అది కూసే వేళ తెలుసు. ఇష్టపడే పొద కొలత తెలుసు. ఉపగ్రహ చిత్రాలు చూసి దుమ్ముగూడెం నుంచి వాజేడు దాకా అలాంటి పొదలున్న చోట్లు గుర్తుపట్టి, కొన్ని పెట్టెలు వేలాడదీస్తే చాలు. పులి కోసం కెమెరాలకు పెట్టే ఖర్చులో ఇది చిన్న ముక్క.

పెట్టెల కంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. కడపలో పక్షిని పట్టిచ్చిన తెలివి బొంబాయిది కాదు, అక్కడి పిట్టల వేటగాడిది. చర్లలో ఆ తెలివి కోయ పెద్దలది. విత్తనాల పండుగకు ముందు మగవాళ్లు గుంపుగా అడవికి వేటకు వెళ్లే ఆచారం ఈ గూడేల్లో ఉంది. పశువుల్ని తోలుకుని రోజంతా పొదల మధ్య ఉండే పిల్లలున్నారు. చేను కాపలాకు మంచె మీద రాత్రిళ్లు గడిపినవాళ్లున్నారు. ‘తాతా, చీకట్లో పొదల కింద పరుగెత్తే పొడుగు కాళ్ల పిట్టను ఎప్పుడైనా చూశావా’ అని కోయ మాటలో అడగడానికి, బొమ్మ చూపించడానికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. చూశానన్నవాళ్లలో ఎక్కువమంది చూసింది తీతువునో కంజునో అయి ఉంటుంది. ఫర్వాలేదు. భూషణ్‌కూ మొదట అలాంటి జవాబులే వచ్చి ఉంటాయి.

గోదావరి మీద కలివికోడి ఇంకా ఉందని నేను పందెం కాయను. బ్లాన్‌ఫర్డ్ తర్వాత ఈ వైపు నుంచి నిర్ధారణ అయిన దాఖలా ఒక్కటీ లేదు. నూట యాభై ఏళ్లు చిన్న కాలం కాదు. మరో వైపు, నంద్యాల జిల్లా రోళ్లపాడు సంగతి చూస్తున్నాం. బట్టమేక పక్షికి అభయారణ్యం ప్రకటించి, బోర్డు పెట్టి, గడ్డిమైదానం చుట్టూ మారిపోతుంటే చూస్తూ ఊరుకున్నాం. అక్కడ బోర్డు మిగిలింది. చర్లలో బోర్డుకు ముందే పొద పోయేలా ఉంది. ఉందో లేదో వినకుండానే దస్త్రం మూసేయడం మాత్రం అన్యాయం. తెలంగాణ అటవీశాఖ ఈ ఒడ్డున శబ్దం రికార్డు చేసే సర్వే ఒకటి చేయాలి. ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రలను కలుపుకుని సిరొంచ దాకా చేస్తే ఇంకా మంచిది.

ఈ లోగా చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు పాఠకులకు ఒక విన్నపం. రాత్రివేళ పొదల్లో పొడుగు కాళ్లతో, రొమ్ము మీద రెండు పట్టీలతో పరుగెత్తే పిట్ట కనబడితే పట్టుకోవద్దు, తరమవద్దు. 1986లో పట్టిన పక్షి కొన్నాళ్లకే పోయింది. దానికి దూరంగా నిలబడి ఫోనులో కూత రికార్డు చేయండి, చోటు గుర్తు పెట్టుకోండి, ఆ చోటు పదిమందికీ చాటకుండా దగ్గరి అటవీ రేంజి కార్యాలయంలో చెప్పండి.